గుడ్డు ఎవరు తిన్నారు?

2024 బతుకమ్మ పండుగ రోజు మా యారాలు జాకెట్టు చూసి నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. (తోటికోడలిని మా దిక్కు యారాలు అంటాం.) అంతకు ముందు ఏడాది కుట్టించిన జాకెట్టే. భుజం మీద నుంచి జారుతుంటే లోపలి నుంచి పిన్నీసు పెట్టుకుంది. బతుకమ్మ చుట్టూ రెండు సార్లు తిరిగిందో లేదో దగ్గు వచ్చింది. పక్కకు పోయి అరుగు మీద కూర్చుంది.

"పత్తి ఏరవోతున్న గదక్కా, ఆ దుమ్ముకు" అన్నది.

నేనూ అంతే అనుకున్నాను. దేవరుప్పుల చుట్టూ చెలకలన్నీ ఆ రోజుల్లో తెల్లగా పత్తితో ఉంటాయి. ఆ కాలంలో దగ్గని కూలి మనిషి ఎవరున్నారు? కానీ తర్వాత లెక్క పెట్టుకుంటే తెలిసింది, పత్తి ఇంకా పూత మీద ఉన్నప్పుడే ఆమెకు దగ్గు మొదలైంది. పొద్దుగూకితే ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటలు పట్టేవి. రెండు సీసాల దగ్గు మందు తాగింది. అన్నం మీదికి మనసు పోతలేదని అంటూనే ఉంది. మేమంతా వింటూనే ఉన్నాం.

చివరికి మా ఆశా వర్కర్ వచ్చి, రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా తెమడ పరీక్ష చేయించాల్సిందేనని గట్టిగా చెప్పి డబ్బా చేతికిచ్చింది. నవంబర్ మూడో వారంలో రిపోర్టు వచ్చింది. టీబీ. ఊపిరితిత్తుల్లో.

ఆ రోజు బరువు తూచారు. 36 కిలోలు. ఆమె ఎత్తు అయిదడుగులు. ఆ ఎత్తు మనిషి కనీసం 43 కిలోలన్నా ఉండాలట. పదమూడేళ్ల ఆమె బిడ్డ కంటే ఆమె రెండు కిలోలే ఎక్కువ.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా ఈ కథ రాస్తే అది నిజం కాదు.

మా రెండిళ్లకు మధ్య ఒక్క గోడ. వాళ్లది వేరు కాపురం. మా ఆయనకు నెల జీతం ఉంది, మరిదికి రెండెకరాల చెలక, మిగతా రోజులు కూలి. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది. రిపోర్టు వచ్చిన రోజు నుంచి నేను మా పిల్లలను ఆ ఇంటికి పోనివ్వలేదు. ఆమె తిన్న పళ్లెం, గ్లాసు వెనక గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టాను, కలిసిపోకుండా. ఆమె చూస్తుండగానే పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. "మంచిదక్కా, పిల్లలున్నరు గదా" అన్నది. అట్ల ఒక నెల గడిచింది. వాకిట్లో నిలబడి "గోళీలు ఏసుకున్నవా?" అని అడిగి వచ్చేదాన్ని. అంతే.

పళ్లేలతోటి, గ్లాసులతోటి టీబీ అంటదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలో వచ్చే తుంపరలతో అంటుతుంది. కిటికీలు తెరిచి గాలి ఆడేటట్టు చూడాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. గోళీలు సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఎదుటివాళ్లకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇవన్నీ మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీబీ పని చూసే ఆయన చెబితే తెలిశాయి. డిగ్రీ చదివినదాన్ని, ఆ మాత్రం ముందే అడగొచ్చు కదా! అడగలేదు. భయం అడగనివ్వలేదు.

మొదటి నెలంతా గోళీలతో గొడవే. రోజూ పొద్దున మూడు. మనిషి బరువును బట్టి ఎన్ని గోళీలో లెక్క ఉంటుంది. ఆమె బరువుకు మూడు. పరగడుపున వేసుకోగానే కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంటే నెత్తురు పోతుందని ఏడ్చింది. అది మందు రంగేనని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. ఆరు నెలలు ఒక్క రోజూ మానొద్దని మాత్రం అందరం చెప్పాం. ఆమె మానలేదు. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రోజుకో గీత గీసేది.

డిసెంబర్ మూడో వారంలో బరువు తూచడానికి ఈసారి నేను వెంట పోయాను. ఇంటి నుంచి ఎవరైనా రావాలని ఆశా వర్కర్ పట్టుబట్టింది. మిషన్ మీద 35న్నర చూపించింది.

నెల రోజులు మందు పడ్డాక అరకిలో తగ్గింది!

"దగ్గు తగ్గింది, జ్వరం పోయింది. మందు పని చేస్తుంది. మరి తిండి?" అని అడిగారు అక్కడ.

"తింటున్న సార్" అన్నది మా యారాలు.

ఆ రోజు వచ్చే దారిలో నాకు సిగ్గనిపించింది. రేపటి నుంచి రోజూ రెండు ఉడికిన గుడ్లు నేనే పంపిస్తానని చెప్పాను. పంపాను కూడా. పదిహేను రోజులు, ఒక్క రోజు తప్పకుండా. జనవరి మొదటి వారంలో మళ్లీ తూచారు. 35న్నర. ముల్లు కదల్లేదు.

ముప్పై గుడ్లు ఎటు పోయినట్టు?

సంక్రాంతి సెలవులు. ఒక రోజు మధ్యాహ్నం గుడ్లు ఇచ్చి ఇంటికి వచ్చాక గిన్నె మర్చిపోయానని గుర్తొచ్చి వెంటనే తిరిగి వెళ్లాను. వాళ్ల చిన్నోడు తొమ్మిదేళ్లవాడు. వాడి చేతిలో ఒక గుడ్డు. రెండో గుడ్డు దారంతో సగానికి కోసి, సగం బిడ్డ పళ్లెంలో, సగం మరిది కోసం మూత పెట్టి ఉంది. ఆమె ముందు అన్నం, చింతపండు పచ్చిపులుసు, ఉల్లిగడ్డ.

నాకు కోపం వచ్చింది. "నేను ఎవరికోసం తెచ్చిన్నే ఈ గుడ్లు?" అన్నాను.

ఆమె తల దించుకుని అన్నది: "పోరగాండ్లు నా నోరు చూస్తాంటే నాకు ముద్ద దిగుతదా అక్కా? నువ్వయితే తింటవా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ తినను. మీరూ తినరు. చికెన్ వండిన రోజు మనకు మెడ ముక్కా, పులుసూ మిగలడం, గుడ్ల కూరలో గుడ్డు అయిపోయి ఉల్లిగడ్డ మిగలడం మనకెవరికి కొత్త? అందరూ తిన్నాక అడుగున ఉన్నది గీక్కుని తినడం మనకు ఎవరూ నేర్పలేదు, మన అమ్మలను చూసి నేర్చుకున్నాం. ఒంట్లో బలం ఉన్నంతకాలం అది మంచితనం లాగా కనిపిస్తుంది. 35 కిలోల మనిషి, ఊపిరితిత్తిలో రోగం పెట్టుకుని అదే పని చేస్తుంటే అప్పుడు తెలుస్తుంది అదెంత పాడు అలవాటో.

ఇంకో సంగతీ అప్పుడే బయటపడింది. టీబీ మందులు వాడేవాళ్లకు మంచి తిండి కోసం ప్రభుత్వం పైసలు ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన అని 2018 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు నెలకు 500 రూపాయలు. 2024 నవంబర్ నుంచి దాన్ని 1000 చేశారు. మొదట మూడు నెలల పైసలు 3000 ఒక్కసారే బ్యాంకు ఖాతాలో పడతాయి, దాదాపు మూడు నెలల మందు పూర్తయ్యాక మరో 3000. ఆమెకు మొదటి 3000 పడ్డాయి. పడ్డ వారమే సంఘం కిస్తీ కట్టేసింది. పత్తి ఏరడానికి పోక రెండు నెలలైంది, కూలి లేదు. ఆమె కట్టకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్లందరికీ మాట వస్తుంది. "పది మందిల మాట పడుడు కంటె పచ్చిపులుసు తినుడు నయం గాదా" అన్నది. తప్పని ఎట్లా అంటాను?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీలో చదువుకున్న చంద్రుడి కథ గుర్తొచ్చింది. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్లను పెళ్లాడి, రోహిణి ఒక్కదాన్నే ప్రేమగా చూశాడని మామ శపిస్తే చంద్రుడికి క్షయ పట్టింది. రోజుకింత తరిగిపోయాడు. క్షయ అంటేనే తరిగిపోవడం. పరీక్షల కోసం చదివినప్పుడు బాగుందనుకుని వదిలేశాను. ఆ రాత్రి మాత్రం ఒక మాట తట్టింది. ఆ కథలో పంపకం సరిగ్గా చేయనివాడు తరిగిపోయాడు. మన ఇళ్లలో పంపకంలో తక్కువ వచ్చినామె తరిగిపోతుంది.

ఫార్మసీ చదువుతున్న మా పెద్దోడు పండుగకు ఇంటికి వచ్చి ఉన్నాడు. వాడితో ఇదంతా చెబితే జార్ఖండ్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాడు. దాని పేరు రేషన్స్. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే డాక్టర్ దంపతులు ముందుండి నడిపించారు. 2019లో మొదలైంది. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. అది విన్నాక నాకు మా ఇంట్లో జరిగిందే ఎవరో చూసి రాసినట్టు అనిపించింది.

జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులను తీసుకున్నారు. అయిదుగురిలో నలుగురికి పైగా ఉండాల్సిన బరువు లేనివాళ్లే. రోగులందరికీ మందులతో పాటు నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు: అయిదు కిలోల బియ్యం, మూడు కిలోల సత్తు, కిలోన్నర పాలపొడి, అరలీటరు నూనె. సత్తు అంటే వేరే ఏం కాదు, వేయించిన శనగల పిండి. మన పుట్నాల పొడి అనుకోండి.

అసలు సంగతి ఇక్కడ ఉంది. ఆ ఇళ్లలో సగం ఇళ్లకు రోగికి మాత్రమే ఇచ్చారు. మిగతా సగం ఇళ్లలో ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఇచ్చారు. పెద్దవాళ్లకయితే తలకు నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. మొత్తం పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను రెండేళ్ల దాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లు 39 శాతం తక్కువ. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకం టీబీ అయితే 48 శాతం, అంటే దాదాపు సగం తక్కువ. సూది మందు లేదు, టీకా లేదు. బియ్యం, పప్పు!

ఇంకో లెక్క కూడా చెప్పాడు మా వాడు. మొదటి రెండు నెలల్లో బరువు నూటికి అయిదు వంతులు పెరిగిన రోగుల్లో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించిందట. 36 కిలోల మనిషికి నూటికి అయిదు వంతులంటే ఎంత? రెండు కిలోలు కూడా కాదు.

నేను లేచి గోడ క్యాలెండర్ చూశాను. మొదటి రెండు నెలలు. సరిగ్గా ఆ రెండు నెలలే. ఒక నెల నేను గడప అవతల నిలబడ్డాను. ఇంకో నెల ఎవరు తింటున్నారో చూడకుండా గుడ్లు పంపాను. ఆమె బతికి ఉన్నది మా జాగ్రత్త వల్ల కాదు. మందు వల్ల, ఒక్క రోజూ మానని ఆమె పట్టుదల వల్ల.

ఆ తర్వాత నేను ఈ తిండి సంగతి మీద దొరికిందల్లా చదివాను. మందులు లేని కాలంలో టీబీకి వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచినప్పుడు అదే పద్ధతి. మన వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద కూడా టీబీ దవాఖాన ఉండేది. అవి ఉన్నోళ్లకూ, మంచం దొరికినోళ్లకూ. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరీక్ష చేశారు. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి మంచి తిండి పెట్టి మందులిచ్చారు. కొందరికి ఇరుకు ఇళ్లలో, ఉన్న తిండితోనే ఉంచి అవే మందులిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే రోగం నయం కావడంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. 1959లో అది బయటకు రాగానే ఇంటి దగ్గరే వైద్యమన్నది ప్రపంచమంతా పాకింది. ఎంత మేలు జరిగిందో చెప్పలేం. ఈ రోజు మా యారాలు పిల్లలను విడిచి ఎక్కడికో పోకుండా ఇంట్లోనే మందు వేసుకోగలిగిందంటే దాని పుణ్యమే.

కానీ ఆ మేలుతో పాటే తిండి మాట వెనక్కి పోయింది. శానిటోరియంలో ఉన్నవాళ్లు బరువు ఎక్కువ పెరిగారన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గోళీ పురుగును చంపుతుంది. చచ్చిన పురుగు తిని పోయిన కండను తిరిగి ఇచ్చేది మాత్రం అన్నం, పప్పు. ఇంకో చిత్రం ఏమిటంటే రోగం తగ్గుతున్న కొద్దీ ఆకలి తిరిగొస్తుంది. మా యారాలుకు సరిగ్గా అట్లనే అయింది. మూడు నెలలుగా పోయిన ఆకలి డిసెంబర్‌లో తిరిగొచ్చింది. వచ్చేసరికి ఇంట్లో పప్పు డబ్బా ఖాళీ.

మర్నాడు పొద్దున నేను, అత్తమ్మ, మరిది, యారాలు కూర్చున్నాం. నేను చెప్పిందొక్కటే. "ఆమెకు వేరుగా పెడితే ఆమె తినదు. ఇంట్లో నలుగురూ తింటేనే ఆమె తింటుంది. అందుకని నలుగురికీ లెక్క వేద్దాం."

నోటుబుక్కు తీసి వేశాం. బియ్యం రేషన్‌లో తలకు ఆరు కిలోలు వస్తాయి, నలుగురికి 24 కిలోలు. దానికి ఢోకా లేదు. ఏడు రూపాయల లెక్కన రోజుకు నాలుగు గుడ్లు, నెలకు 120 గుడ్లు: 840. కందిపప్పు మూడు కిలోలు: 500. పల్లీలు రెండు కిలోలు: 300. పుట్నాలు రెండు కిలోలు: 220. రోజుకు అరలీటరు పాలు: 900. మొత్తం 2,760 రూపాయలు.

ప్రభుత్వం ఇచ్చే వెయ్యి మంచిదే, కాదనను. కానీ అది ఒక్క మనిషి లెక్క. రోజుకు 33 రూపాయలు. మన ఇళ్లలో పొయ్యి మీద ఒక్క మనిషికి కుండ పెట్టరు కదా! ఆ 33 రూపాయలు నలుగురి పళ్లేల్లో పడితే ఒక్కొక్కరికి ఎనిమిది. ఆమె పళ్లెంలో ఆఖరున.

2,760 ఎట్లా అని మరిది తల పట్టుకున్నాడు. అత్తమ్మకు ఆసరా పింఛను 2016 వస్తుంది. అందులో 500 ఇస్తానన్నది. మరిది వారం వారం కూలిలోంచి కొంత తీసి నెలకు 500 ఇస్తానన్నాడు. మిగతాది నేను వేసుకుంటున్న చీటీలోంచి. పట్టుచీర కోసం వేసుకున్న చీటీ అది. మా ఆయన మొదట "వాళ్ల ఇల్లు వాళ్లకుంది, ఎన్నాళ్లు మోస్తవ్?" అన్నాడు. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు సంతకు పోయినప్పుడు తనే నాలుగు ట్రేల గుడ్లు తెచ్చి గోడ మీద నుంచి అందించాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయన మాట్లాడే తీరే అంత.

అత్తమ్మ దగ్గర ఇంకో రకం బలం ఉంది. పాతకాలం తిండి. తైదలు పిండి పట్టించి అంబలి కాచింది. పెరట్లో మునగాకు పప్పులో వేసింది. పుట్నాలు, పల్లీలు, నువ్వులు, కొంచెం బెల్లం కలిపి రోట్లో దంచి లడ్డూలు చేసి డబ్బాలో పెట్టింది. రెండో కోడలికి ఒక్కటే షరతు: "నా కండ్ల ముందట తినాలె." మధ్యాహ్నం పన్నెండున్నరకు చెయ్యికర్ర పట్టుకుని గోడ అవతలికి పోయి, నలుగురికీ ఒక్కసారే వడ్డింపజేసి, కోడలు పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేవకుండా కూర్చునేది. మా పెళ్లయిన కొత్తలో కోడళ్లు ఆఖరున తినాలని ఇదే అత్తమ్మ చెప్పేది. ఆ మాట నేను గుర్తు చేయలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

"గుడ్డు వేడి చేస్తుంది, దగ్గు ఉన్నోళ్లు తినొద్దు", "పాలు తెమడ చేస్తాయి", "పప్పు పుండుకు చెడ్డది" అని వచ్చి చెప్పిన చుట్టాలు చాలామందే. పథ్యం పేరుతో మనవాళ్లు తీసేసేవన్నీ కండ పెట్టే తిండే కావడం విచిత్రం కదూ? టీబీకి పథ్యం లేదు. సారా, కల్లు, బీడీ మాత్రం వద్దు. మిగతావన్నీ తినొచ్చని ఆరోగ్య కేంద్రంలో చెప్పారు. షుగర్ ఉందేమో ఒకసారి పరీక్ష చేశారు, ఆమెకు లేదు. ఉన్నవాళ్లకు మాత్రం ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లే చెబుతారు.

ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్షలు చేశారు. ఎవరికీ రోగం లేదు. ముందుజాగ్రత్తగా మరిదికి, పిల్లలకు వారానికోసారి, పన్నెండు వారాలు గోళీలు ఇచ్చారు. ఇట్లాంటి గోళీలున్నాయని చాలా ఇళ్లలో తెలియదు. మీ ఇంట్లోగానీ, చుట్టుపక్కలగానీ టీబీ ఉన్నవాళ్లుంటే మిగతావాళ్ల సంగతి అడగండి. నిక్షయ్ మిత్ర అని ఇంకోటి ఉంది. 2022 సెప్టెంబర్‌లో మొదలైంది. మనలాంటివాళ్లు ఎవరైనా పేరు రాయించుకుని ఒక రోగికి నెలనెలా తిండి సరుకులు ఇవ్వొచ్చు. ఇప్పుడు రోగి ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వొచ్చన్నారు. పుట్టినరోజుకు కేకు కోసే బదులు ఒక ఇంటి పప్పు డబ్బా నింపొచ్చు.

క్యాలెండర్ మీద బరువులు ఇట్లా ఉన్నాయి. జనవరి 20: 36. ఫిబ్రవరి: 37న్నర. మార్చి: 39. ఏప్రిల్: 40. ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం మొదలైంది, పిల్లలు ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు. మే మూడో వారంలో ఆరు నెలల మందు అయిపోయింది. తెమడలో పురుగు లేదు. బరువు 41.

43 ఇంకా కాలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మందు అయిపోయిన రోజు అందరం పండుగ చేసుకున్నాం. ఆ నెల నుంచే ప్రభుత్వం పైసలు ఆగిపోయాయి, నా చీటీ కూడా ఖాళీ. రోగం పోయింది, ఇంక లెక్క ఎందుకన్నట్టు మెల్లగా గుడ్లు నాలుగు నుంచి రెండుకు వచ్చాయి. జూన్‌లో చూస్తే ఆమె పళ్లెంలో మళ్లీ గుడ్డు లేదు. బక్కచిక్కిన ఒంట్లోకి ఈ రోగం మళ్లీ వచ్చే వీలుంది. అందుకని మళ్లీ కూర్చుని లెక్క వేశాం. ఈసారి పాలు తగ్గించి, పప్పు, పల్లీలు, గుడ్లు ఉంచాం. పెరట్లో అయిదు నాటుకోళ్లు పెట్టింది అత్తమ్మ. ఆమెకు కూలి మొదలయ్యాక ఆ ఖర్చు వాళ్లే చూసుకుంటున్నారు. ఇప్పటికీ నెలకోసారి పోయి బరువు చూసుకుని రమ్మని పంపుతున్నాను.

ఎర్ర చుక్క పెట్టిన ఆ పళ్లెం సంగతి. సంక్రాంతి తర్వాత ఒక రోజు గోకి తీసేద్దామని అడిగాను. "ఉండనియ్ అక్కా, నా పళ్లెం అని గుర్తుంటది. దాంట్ల నాకే పెడతరు" అన్నది నవ్వుతూ. నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చుక్క ఇప్పటికీ ఉంది.

మా దిక్కు ఎవరు కలిసినా మొదట అడిగే మాట "తిన్నవా?" అవతలివాళ్లు "తిన్న" అంటారు. అంతటితో అయిపోతుంది. మా యారాలు ఆరు నెలలు నాకు "తిన్న" అనే చెప్పింది. అబద్ధం కూడా కాదు, పచ్చిపులుసుతో తిన్నది. అందుకని ఇప్పుడు నేను అడిగే మాట మార్చాను. మందులు వాడుతున్నవాళ్లను, బాలింతలను, బక్కగా కనబడే ఏ ఆడమనిషిని చూసినా "తిన్నవా?" అని ఆగడం లేదు.

"ఏం తిన్నవు?" అని అడుగుతున్నాను.

మీరూ ఒకసారి అడిగి చూడండి. ముందు మిమ్మల్ని మీరు.